ఇటు తెనాలి, అటు డాలస్: సమస్య ఏ వేళకు ఇవ్వాలి?

ప్రశ్న: మా పద్యాల గ్రూపులో సగం మంది తెనాలి వైపు వాళ్లు, మిగతావాళ్లు డాలస్‌లో. వారానికో సమస్య, అంటే పద్యంలో ఒక పాదం ఇచ్చి, మిగతా పాదాలతో పూరణలు అడుగుతాను. మధ్యాహ్నం 2 గంటలకు ఇస్తే ఇక్కడ భోజనం చేసి కునుకు తీస్తుంటారు, అక్కడ తెల్లవారుజాము 3.30. చక్కటి కంద పద్యం వచ్చినా మెచ్చుకునే నాథుడుండడు. చాలా బాధేస్తోంది.

జవాబు: శనివారం ఉదయం 8.30కి ఇవ్వండి మాస్టారూ. డాలస్‌లో అప్పుడు శుక్రవారం రాత్రి 10. మర్నాడు ఆఫీసు టెన్షన్ ఉండదు, తీరిగ్గా రాస్తారు.

జవాబు: అది వేసవి లెక్కండీ. నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పుతారు. అప్పుడు తేడా పదకొండున్నర గంటలు. శనివారమైతే ఇబ్బంది లేదు, అక్కడ రాత్రి 9 అవుతుంది.

ప్రశ్న అడిగినవారు: శనివారమే ఖాయం. మొదటి గంట ఫోను వదలను. తొలి పూరణలో యతి (పాదంలో అక్షరాల పొంతన) తప్పితే అప్పటికప్పుడు చెప్పాలి, లేకపోతే కొత్తవాళ్లు జంకుతారు.