‘సుస్థిరాభివృద్ధి’: ఈ మాటను పిల్లలకు ఎలా చెప్పాలి?

గాజువాక నుంచి ఒక తల్లి: నమస్కారమండీ. మా పాపకి స్కూల్లో వ్యాసం పోటీకి ‘సుస్థిరాభివృద్ధి’ అనే అంశం ఇచ్చారు. పాఠంలో ‘భావితరాల అవసరాలకు భంగం కలగకుండా నేటి తరం అవసరాలు తీర్చుకోవడం’ అని ఒక్క వాక్యం ఉంది, అదే బట్టీ పడుతోంది. సుస్థిర ప్రభుత్వం అంటే పడిపోని ప్రభుత్వం కదా, మరి సుస్థిరాభివృద్ధి అంటే ఆగని అభివృద్ధా అని అడుగుతోంది. ఎవరైనా కాస్త వివరంగా చెప్పండి, పోటీ దగ్గరపడుతోందని టెన్షన్ పడుతోంది.

భీమిలి మాస్టారు: పాప మంచి ప్రశ్న అడిగిందమ్మా. సుస్థిర అంటే బాగా నిలిచినది, కదలనిది. ఆ అర్థం పట్టుకుంటే ఏటా పెరుగుతూనే ఉండే అభివృద్ధి అని ఎవరికైనా అనిపిస్తుంది. ఇక్కడ నిలవాల్సింది అభివృద్ధికి ఆధారమైన నేల, నీరు, అడవి, సముద్రం. అవి నిలిస్తేనే మన బతుకు నిలుస్తుంది.

ఆ నిర్వచనం 1987లో వచ్చింది. ఐక్యరాజ్యసమితి కోసం నార్వే ప్రధాని గ్రో హార్లెం బ్రంట్‌లాండ్ అధ్యక్షతన పనిచేసిన కమిషన్ తన నివేదికలో రాసింది. అయితే మన పుస్తకాల్లో సాధారణంగా మొదటి వాక్యం దగ్గరే ఆపేస్తారు, నాకు ఎప్పుడూ బాధ కలిగించే విషయం ఇదే. దాని వెంటనే ఆ నివేదిక రెండు సంగతులు చెప్పింది. ఒకటి అవసరం, అందులోనూ ముందు పేదల అవసరం. రెండోది హద్దు, అంటే మన సాంకేతికత, మన సమాజం నడిచే తీరు ఇలా ఉన్నప్పుడు ప్రకృతి ఎంతవరకు ఇవ్వగలదు అన్నది. ఈ రెండూ వదిలేస్తే ‘భావితరాలు’ అనే మాట ఒక్కటే మిగులుతుంది, ఇప్పుడు మన కళ్ల ముందు ఆకలితో ఉన్నవాళ్లు ఆ వాక్యంలోంచి జారిపోతారు.

పాపకి వైజాగ్ ఉదాహరణే చెప్పండి. మన ఫిషింగ్ హార్బర్‌లో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్లన్నీ కట్టేసి ఉంటాయి కదా, తూర్పు తీరమంతా 61 రోజులు వేట నిషేధం. చాలా రకాల చేపలు, రొయ్యలు గుడ్లు పెట్టే కాలం అది, అప్పుడు వలవేస్తే తర్వాత పట్టుకోవడానికి పిల్లలు పెరగవు. అది హద్దు. మరి ఆ రెండు నెలలూ బోటు మీద పనిచేసే కుటుంబం ఏం తింటుంది? అందుకే ప్రభుత్వం వేట నిషేధ భృతి ఇస్తుంది, ఇంజిన్ లేని తెప్పలకు నిషేధం నుంచి మినహాయింపు ఉంటుంది. అది అవసరం. భృతి ఆలస్యమైతే, చాలకపోతే, చేప బాగున్నా మనిషి బాగోడు, అలాంటిదాన్ని సుస్థిరం అని నేను ఒప్పుకోను.

సీతమ్మధార నుంచి: మాస్టారూ, ‘నిలకడైన అభివృద్ధి’ అంటే ఇంకా తేలిగ్గా ఉండదా?

భీమిలి మాస్టారు: చెప్పేటప్పుడు అనొచ్చండీ, బాగుంటుంది. కానీ 2015లో ఐక్యరాజ్యసమితి ఒప్పుకున్న 17 లక్ష్యాలను, అవే 2030 నాటికి చేరుకోవాలన్నవి, తెలుగులో సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు అనే రాస్తున్నాం. పేపర్లలోనూ పరీక్షల్లోనూ అదే ఉంది. మాట మార్చడం కంటే దాని అర్థం పూర్తిగా చెప్పడం మేలు.

ఎంవీపీ కాలనీ, ఎకనామిక్స్ లెక్చరర్: మాస్టారు చెప్పిన హద్దునే హెర్మన్ డేలీ అనే ఆర్థికవేత్త మూడు మాటల్లో చెప్పారు. తిరిగి పెరిగేవాటిని అవి పెరిగే వేగం కంటే ఎక్కువ వాడకూడదు, బొగ్గు లాంటి తరిగిపోయేవాటిని వాటి బదులు వేరేది తయారయ్యే వేగం కంటే త్వరగా ఖర్చు చేయకూడదు, చెత్తా పొగా ప్రకృతి అరిగించుకోగలిగినంతకు మించకూడదు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి అని మనవాళ్లు అన్నది మొదటి రెండింటికీ సరిపోతుంది, మూడోదానికి మాత్రం మన దగ్గర సామెత ఉందో లేదో పెద్దలు చెప్పాలి. ఫ్యాక్టరీల ఊరిలో ఉన్నాం కాబట్టి ఇంకోటి కూడా చెప్పండి: కాలుష్యం చేసినవాడే నష్టం భరించాలన్న సూత్రం, హాని పూర్తిగా రుజువయ్యే దాకా ఆగకుండా ముందే అడ్డుకోవాలన్న ముందుజాగ్రత్త సూత్రం మన దేశ చట్టంలో భాగమేనని 1996లో సుప్రీంకోర్టు వెల్లూరు తోళ్ల పరిశ్రమల కేసులో తేల్చింది.

మధురవాడ నుంచి: నాదొక చిన్న మాట. ‘పునరుత్పాదక’, ‘పునర్వినియోగ’ రెండూ ఒకటే అనుకుని పిల్లలు కలిపేస్తున్నారు. ముడసర్లోవ రిజర్వాయర్ నీళ్ల మీద తేలే సోలార్ పలకలు పునరుత్పాదక శక్తి, ఎండ మళ్లీ మళ్లీ వస్తుంది. అదే ప్లాస్టిక్ డబ్బా కడిగి మళ్లీ పప్పు పోసుకుంటే పునర్వినియోగం. ఈ తేడా వ్యాసంలో రాస్తే బాగుంటుంది.

భీమిలి మాస్టారు: మంచి మాట అందించారు. మళ్లీ మళ్లీ వచ్చే ఎండకు భిన్నంగా, పోతే తిరిగి రానిదానికి ఉదాహరణగా మా భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బలు కూడా రాయించండమ్మా. సముద్రమట్టం ఎక్కుతూ దిగుతూ ఉన్న కాలంలో గాలీ నీరూ పోసిన ఇసుక వేల ఏళ్లలో అలా ఎర్రబడి గట్టిపడింది. జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించిన చోటు అది. జేసీబీతో ఒక పూటలో చదును చేస్తే ఎన్ని మొక్కలు నాటినా, ఎంత డబ్బు కట్టినా అది తిరిగి రాదు. ఒకచోట పోయినదాన్ని ఇంకోచోట కొనుక్కోవచ్చు అనేవాళ్లకు పాప ఆ దిబ్బల పేరు చెప్పి జవాబు ఇవ్వొచ్చు.

గాజువాక తల్లి: చాలా థాంక్సండీ అందరికీ. సుస్థిర, అభివృద్ధి అని విడదీసి రాస్తే మార్కులు తగ్గుతాయా?

భీమిలి మాస్టారు: తగ్గవమ్మా, రెండూ సరైనవే. కలిపితే సవర్ణదీర్ఘ సంధి, ‘సుస్థిరాభివృద్ధి’. ఏది రాసినా వ్యాసమంతా అదే రాయమనండి.