స్కుల్ద్‌ని తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: పిల్లల కోసం ఐస్‌లాండ్, నార్వే పాత పురాణ కథలు తెలుగు చేస్తున్నానండీ. ఇగ్ద్రసిల్ అనే మహావృక్షం మొదలు దగ్గర ఉండే ముగ్గురు నార్న్‌ల (అందరి విధినీ నిర్ణయించే దేవతలు) దగ్గర బండి ఆగింది. ఉర్ద్, వెర్దాంది, స్కుల్ద్. చెట్టు కుళ్ళిపోకుండా బావి నీళ్ళలో తెల్లమట్టి కలిపి రోజూ కొమ్మల మీద చల్లేది వీళ్ళే. ఇంగ్లీషు పుస్తకాల్లో గతం, వర్తమానం, భవిష్యత్తు అని రాసేస్తారు. నేను భూత, వర్తమాన, భవిష్యత్ అని పెడితే మా చిన్నది "భూతమా!" అని దుప్పటి ముసుగేసింది.

జవాబు: మీ చిన్నదాని భయం సంగతి అలా ఉంచి, 'భవిష్యత్తు' మాత్రం వద్దండీ. ఉర్ద్, వెర్దాంది రెండూ 'వెర్ద' అనే ఒకే క్రియలోంచి వచ్చాయి. అవడం, జరగడం అని దానర్థం. ఒకటి అయిపోయినది, ఇంకోటి అవుతున్నది. తమాషా ఏమిటంటే ఈ వెర్దకీ సంస్కృతం 'వృత్' ధాతువుకీ మూలం ఒక్కటే. అంటే వెర్దాందీ, మనం రోజూ వాడే వర్తమానమూ దూరపు చుట్టాలే.

స్కుల్ద్ వేరే ఇంటి పిల్ల. 'స్కులు' అనే క్రియ: బాకీపడడం, చేయక తప్పకపోవడం. ఇంగ్లీషు షల్, షుడ్ కూడా ఆ ఇంటివే. ఇవాళ ఐస్‌లాండ్‌లో స్కుల్ద్ అంటే మామూలు అప్పు, బ్యాంకులో తీసుకునేదే. మా గేదె చచ్చిపోయినప్పుడు మా అమ్మమ్మ కళ్ళు తుడుచుకుంటూ "దానికీ మనకీ ఋణం తీరిపోయింది" అంది. నాకు స్కుల్ద్ అంటే ఆ మాటే గుర్తొస్తుంది. 'ఋణం' అని పెట్టండి, లేదా పిల్లలకైతే 'బాకీ'.

ఇంకొకరు: ఋణం అంటే వెనకటిది కదా మాస్టారూ? ఆవిడేమో రాబోయేదాని దేవత.

జవాబు: అప్పు చేసింది వెనక, కట్టాల్సింది ముందు. పేరులోని బిగువంతా అక్కడే ఉంది. పైగా 13వ శతాబ్దంలో ఈ కథల్ని పుస్తకంగా కూర్చిన ఐస్‌లాండ్ రచయిత స్నోరి రాసినదాంట్లో, యుద్ధంలో ఎవరు చావాలో ఎంచే వాల్కిరీలతో పాటు చిన్న నార్న్ స్కుల్ద్ కూడా గుర్రమెక్కి వెళ్తుంది. వసూలుకి బయల్దేరినట్టు లేదూ!

ఇంకొకరు: మరి వీళ్ళు చేసే పనిని తలరాత అనొచ్చా?

జవాబు: నేనైతే అనను. వోలుస్పా అనే పాత ఐస్‌లాండ్ పద్యంలో వాళ్ళు 'చెక్క మీద చెక్కారు' అని ఉంది. రూన్ అక్షరాలు కత్తిమొనతో గీసే లిపి కాబట్టి ఆ మాట పడింది. తలరాత అనగానే మనకి బ్రహ్మ, నుదురు వచ్చేస్తాయి. కథలో చెక్కపేడు, కత్తి కనబడాలి.

ప్రశ్న: బాకీ ఖాయం చేశానండీ. ఇంకో టెన్షన్: ఉర్ద్ అని రాస్తే ఉర్దూ అని చదువుతున్నారు.

జవాబు: ఉర్దుర్ అని రాయండి. ఐస్‌లాండ్ వాళ్ళు చివర 'ర్' పలుకుతారు. ఆ 'ద' మాత్రం మన ద కాదు, ఇంగ్లీషు 'దిస్'లో తొలి శబ్దం. దానికి మన దగ్గర అక్షరం లేదు, 'ద'తోనే సర్దుకోవాలి.