చేపల ట్యాంకుకి రెఫ్యూజియం (నాచు పెంచే పక్క పెట్టె) కట్టాను, కరెంటు పోగానే హాల్లోకి నీళ్లు!

బరంపురం ఫ్రేములవాడు:
మాకు ఇక్కడ ఫొటో ఫ్రేముల కొట్టుంది, గాజు కొయ్యడం నాకు అలవాటైన పని. ఇంట్లో ఉప్పునీటి ట్యాంకు పొడవు ఆరడుగులు, వెడల్పూ ఎత్తూ రెండేసి అడుగులు. నీళ్లు ఎన్నిసార్లు మార్చినా నైట్రేటు (చేపల వ్యర్థాల నుంచి పేరుకునేది) 60 పీపీఎం దగ్గరికే వచ్చి కూర్చుంటోంది. అందుకే స్టాండు కింద మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తుతో గాజుపెట్టె చేసి, మూడు గదులుగా విడగొట్టి, మధ్య గదిలో నైట్రేటు పీల్చే కీటోమార్ఫా నాచు వేశాను. పెట్టెలో నీళ్లు 13 అంగుళాల దాకా ఉంటాయి. పంపు నుంచి పైకెళ్లే పైపు మూతి ట్యాంకులో మూడంగుళాల లోతులో ఉంది.

నిన్న సాయంత్రం కరెంటు పోయింది. పంపు ఆగింది, పైనుంచి నీళ్లు మాత్రం దిగుతూనే ఉన్నాయి. అమ్మ పూజగదిలోంచి "మళ్లీ ఫైలిన్ తుఫాను వచ్చిందిరా!" అని కేక. నేను ఎక్కడ తప్పు చేశాను? పైగా నాచు కూడా పాలిపోతోంది. గోపాలపూర్ పక్కనే కదా, బీచ్ నుంచి తెచ్చి వేస్తే?

పర్లాకిమిడి మేష్టారు:
బాబూ, గాజు కొలిచావు గానీ నీళ్లు కొలవలేదు. నీ ట్యాంకులో ఒక్క అంగుళం దిగితే ఒక ఘనపుటడుగు, అంటే 28 లీటర్లు. పైపు మూతి బయటపడేదాకా నీళ్లు వెనక్కి లాగుతూనే ఉంటాయి. మూడంగుళాలకి 85 లీటర్లు. కింద ఖాళీ ఐదంగుళాలే, అందులో 53 లీటర్లు పడతాయి. మిగతా 32 లీటర్లు మీ హాల్లో!

పైపు మూతిని ఒక అంగుళం లోతుకి ఎత్తు. నీటిమట్టానికి కాస్త కింద పైపుకి చిన్న రంధ్రం పెట్టు, గాలి దూరి లాగుడు ఆగుతుంది. అయితే అందులోకి నత్తలు దూరతాయి, నెలకోసారి పుల్లతో పొడవాలి. నీళ్లు వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వ్‌ని నమ్ముకోకు, ఉప్పునీళ్లలో సున్నం పట్టి సరిగ్గా మూసుకోదు. అన్నట్టు, కిటికీలకి వాడే బూజు పట్టని సిలికాన్ గాని వాడలేదు కదా? అందులో బూజుని చంపే మందు కలుపుతారు, చేపలకి మంచిది కాదు.

ఛత్రపురం అక్క:
తమ్ముడూ, బీచ్ నాచు వద్దు. దాంతోపాటు ఏ పీత వస్తుందో, ఏ పురుగు వస్తుందో చెప్పలేం. ఒడ్డుకి కొట్టుకొచ్చింది సగం కుళ్లిపోయే ఉంటుంది. కీటోమార్ఫా తెచ్చినప్పుడు కుళాయి నీళ్లతో కడిగావా? అలా కడిగితే అందులోని చిన్న పురుగులన్నీ చచ్చిపోతాయి, చేపలకి తిండయ్యేవి అవే. లైటు ఏం పెట్టావు? చిన్న మామూలు బల్బు చాలదు, మొక్కలకి వాడే ఎరుపు-నీలం ఎల్ఈడీ అయితే మంచిది. పై ట్యాంకు లైటు ఆపాక రాత్రంతా దాన్ని వెలిగించు. చీకట్లో పీహెచ్ పడిపోవడం తగ్గుతుంది. నాచు గిన్నెలు తోమే పీచులా ముద్ద కట్టాక సగం తీసి పారెయ్. పీల్చిన నైట్రేటు బయటికి పోయేది అలాగే. కొందరు ముద్దుగా ఉందని ఉంచేసుకుంటారు, మొదట్లో నేనూ అంతే.

బరంపురం ఫ్రేములవాడు:
సిలికాన్ అక్వేరియందే మేష్టారూ. పైపు ఎత్తి, రంధ్రం పెట్టి, మూడుసార్లు పంపు ఆపి చూశాను. కింద నీళ్లు 17 అంగుళాలు దాటలేదు. అక్కా, కుళాయి కిందే కడిగాను, నా తప్పే. లైటు 9 వాట్ల మామూలు బల్బు, రాత్రే మార్చాను. ఆ గులాబీ వెలుగేంటని ఎదురింటివాళ్లు పొద్దున్నే అడిగారు.