7వ ఇన్నింగ్స్‌లో మునోజ్‌ని దించకపోవడం మారినర్స్ మేనేజర్ డాన్ విల్సన్ తప్పేనా?

బోథెల్ బుల్లోడు:

2025 బేస్‌బాల్ వరల్డ్ సిరీస్ అయిపోయింది, ట్రోఫీ డాడ్జర్స్ పట్టుకెళ్లారు. నాకు మాత్రం అక్టోబరు 20 రాత్రి టొరంటోలో జరిగింది ఇంకా మింగుడు పడటం లేదు. అమెరికన్ లీగ్ ఫైనల్, 7వ మ్యాచ్, గెలిస్తే వరల్డ్ సిరీస్‌కే. టొరంటో టీమ్ బ్లూ జేస్ 7వ ఇన్నింగ్స్ బ్యాటింగ్‌కి వచ్చేసరికి మన సియాటిల్ మారినర్స్ 3-1తో ముందున్నారు. 1977 నుంచి ఆడుతున్న టీమ్ మనది. మొత్తం 30 టీముల్లో వరల్డ్ సిరీస్ గడప తొక్కనిది మనదొక్కటే. ఇన్నింగ్స్‌కి మూడు చొప్పున ఇంకో తొమ్మిది ఔట్లు చేస్తే చాలు, ఆ మాట పోయేది.

మన పిచ్చర్ బ్రయన్ వూ, బార్గర్‌కి వాక్ (ఉచితంగా మొదటి బేస్) ఇచ్చాడు. కైనర్-ఫలేఫా సింగిల్ కొట్టాడు. హిమెనెజ్ బంట్ ఆడి (బంతిని మెల్లగా తట్టి) ఇద్దర్నీ చెరో బేస్ ముందుకు జరిపాడు. ఒక ఔట్, రెండో బేస్ మీద ఒకడు, మూడో బేస్ మీద ఒకడు, బ్యాటింగ్‌కి జార్జ్ స్ప్రింగర్. సీజన్ మొత్తంలో ఇంతకన్నా బరువైన క్షణం ఏదైనా ఉందా? అప్పుడు విల్సన్ పిలిచింది ఎడ్వార్డ్ బజార్డోని. స్ప్రింగర్ మూడు పరుగుల హోమర్ (సిక్సర్ లాంటి షాట్) కొట్టాడు. 4-3. ఆ తర్వాత మనం ఒక్క పరుగు కూడా చేయలేదు. మన క్లోజర్ (చివరి ఔట్లు తీసే పిచ్చర్) ఆండ్రెస్ మునోజ్, బుల్‌పెన్‌లో, అంటే మధ్యలో దిగే పిచ్చర్లలోకెల్లా మంచివాడు, ఆ క్షణంలో దిగనే లేదు.

నా వాదన ఒక్కటే. ఉన్నవాళ్లలో బెస్ట్ పిచ్చర్‌ని, ఏ ఇన్నింగ్స్ అయినా సరే, మ్యాచ్ చేతులు మారే క్షణంలో దించాలి. చివరిదైన 9వ ఇన్నింగ్స్ కోసం దాచిపెడితే ఆ 9వ ఇన్నింగ్స్‌కి లీడ్ మిగలాలి కదా. మీరేమంటారు?

స్కోర్‌బుక్:

అన్నా, నీ బాధ నాకూ ఉంది. కానీ ఫలితం తెలిశాక నిర్ణయాన్ని తిట్టడం సులువు.

బజార్డో ఎవరో దారిన పోయేవాడు కాదు. ఇన్నింగ్స్ మధ్యలో, బేసుల మీద మనుషులు ఉన్నప్పుడు వచ్చి కాపాడటమే ఏడాదంతా అతని పని. దీనికి ముందు సిరీస్‌లో డెట్రాయిట్‌తో 5వ మ్యాచ్ గుర్తు చేసుకో. 15 ఇన్నింగ్స్ ఆడి 3-2తో గెలిచాం. అందులో ఎక్స్‌ట్రా ఇన్నింగ్స్‌లో ఒక్క పరుగు ఇవ్వకుండా నిలబడ్డ వాళ్లలో బజార్డో ఉన్నాడు. ఆ రోజు అతను చేతులెత్తేసి ఉంటే టొరంటో దాకా వచ్చేవాళ్లమే కాదు.

ఇక లెక్క చూడు. స్ప్రింగర్ బ్యాటింగ్‌కి వచ్చేసరికి ఇంకా ఎనిమిది ఔట్లు కావాలి. మునోజ్ వచ్చి ఆ ఇన్నింగ్స్‌లో రెండు ఔట్లు తీశాడనే అనుకుందాం. 8వ ఇన్నింగ్స్ మొదట్లోనే వ్లాదిమిర్ గెరేరో వస్తాడు, ఆ సిరీస్ MVP (మేటి ఆటగాడు) అతనే. అతనికి ఎవరు వేస్తారు? 9వ ఇన్నింగ్స్ ఎవరు వేస్తారు? మునోజే మొత్తం లాగాలా?

క్లోజర్‌ని ముందే వాడేసి కాలు కాల్చుకున్న వాళ్లు కూడా ఉన్నారు. 2016 వరల్డ్ సిరీస్‌లో కబ్స్ మేనేజర్ జో మాడన్, క్లోజర్ ఛాప్‌మన్‌ని 5వ మ్యాచ్‌లో ఎనిమిది ఔట్ల కోసం వాడాడు, 6వ మ్యాచ్‌లో లీడ్ బోలెడు ఉన్నా మళ్లీ దించాడు. 7వ మ్యాచ్‌కి ఛాప్‌మన్ చేతిలో పస లేదు. ప్రత్యర్థి బ్యాటర్ రజాయ్ డేవిస్ హోమర్ కొట్టి స్కోరు సమం చేశాడు. కబ్స్ చివరికి గెలిచారు కాబట్టి ఆ సంగతి ఎవరూ ఎత్తరు.

కూకట్‌పల్లి కుర్రాడు:

నేను ఈ ఏడాదే బేస్‌బాల్ చూడటం మొదలుపెట్టాను, మా అన్నయ్య రెడ్‌మండ్‌లో ఉంటాడు, ఆయన వల్ల అలవాటైంది. ఒక డౌట్. క్లోజర్ అంటే డెత్ ఓవర్ల బౌలర్ లాంటివాడేనా? అయితే మధ్యలో దించకూడదని రూల్ ఏమైనా ఉందా?

స్కోర్‌బుక్:

రూల్ ఏమీ లేదు తమ్ముడూ. కాకపోతే క్రికెట్‌కీ దీనికీ పెద్ద తేడా ఒకటి ఉంది. బౌలర్ ఒక ఓవర్ వేసి ఫీల్డింగ్‌కి వెళ్లి మళ్లీ రావచ్చు. ఇక్కడ పిచ్చర్‌ని ఒకసారి మార్చితే అతను ఇక ఆ మ్యాచ్‌లో లేనట్టే. అందుకే మేనేజర్లు చివరి వరకు ఒకణ్ణి అట్టిపెట్టుకుంటారు. మ్యాచ్ టై అయి ఎక్స్‌ట్రా ఇన్నింగ్స్‌కి వెళ్తే పరిస్థితి ఏమిటన్న భయం ఎప్పుడూ ఉంటుంది.

చివరి వరుస సీటు:

ఇద్దరూ బజార్డో, మునోజ్ అంటూ కొట్టుకుంటున్నారు. అసలు తప్పు అంతకు ముందే జరిగింది. 7వ ఇన్నింగ్స్‌కి వూని మళ్లీ ఎందుకు పంపినట్టు?

వూ ఛాతీ కండరం గాయంతో సెప్టెంబరు మధ్య నుంచి బయటే ఉన్నాడు. ఈ సిరీస్‌లో 5వ మ్యాచ్‌కి తిరిగొచ్చాడు. 7వ మ్యాచ్‌లో మొదట వేసిన కర్బీ నాలుగు ఇన్నింగ్స్ వేసి దిగిపోతే, వూ 5, 6 ఇన్నింగ్స్ చక్కగా ముగించాడు. అక్కడితో చెయ్యి పట్టుకుని థాంక్స్ చెప్పి కూర్చోబెట్టాలి. గాయం నుంచి లేచి వచ్చిన కుర్రాడు, స్టార్టర్‌గా, అంటే మ్యాచ్ మొదటి నుంచి వేయడం అలవాటైనవాడు, తన మూడో ఇన్నింగ్స్‌లో మొదటి బ్యాటర్‌కే వాక్ ఇచ్చాడు. ఆ వాక్‌తోనే వ్యవహారం చెడింది. 7వ ఇన్నింగ్స్ ఖాళీ బేసులతో బజార్డోకి ఇచ్చి ఉంటే, స్ప్రింగర్ హోమర్ కొట్టినా ఒక పరుగే పోయేది. మంట అంటుకున్నాక ఫైరింజన్ ఏదైతే ఏం?

నా లెక్కలో 7వ ఇన్నింగ్స్ బజార్డో, 8 మన ఇంకో పిచ్చర్ బ్రాష్, 9 మునోజ్. ఇంత సాదాసీదా ప్లాన్ ఎందుకు వదిలేశారో ఇప్పటికీ అర్థం కాలేదు.

బ్రాంప్టన్ బావ:

మా గురించి ఒక్క ముక్కా మాట్లాడరేంటండీ! ఈ థ్రెడ్ మొత్తం చదివితే మారినర్సే ఓడిపోయారు గానీ బ్లూ జేస్ గెలవలేదు అన్నట్టుంది.

2025లో లీగ్ మొత్తం మీద అందరికన్నా తక్కువ స్ట్రైకవుట్ (బంతి ఆడలేక ఔట్) అయిన టీమ్ మాది. ఆ ఇన్నింగ్స్ చూడండి. బార్గర్ ఓపిక పట్టి వాక్ తెచ్చుకున్నాడు, కైనర్-ఫలేఫా బంతిని ఆడాల్సిన చోటికి ఆడాడు, హిమెనెజ్ బంట్ ఆడాడు. ముగ్గురూ బ్యాటింగ్ ఆర్డర్‌లో కింద ఉన్నవాళ్లే. ఇక స్ప్రింగర్‌కి 5వ మ్యాచ్‌లో వూ వేసిన బంతే మోకాలి చిప్పకి తగిలి మధ్యలో బయటకి వెళ్లిపోయాడు. అదే మోకాలితో 6, 7 మ్యాచ్‌లు ఆడాడు. 36 ఏళ్ల మనిషి, 2017లో వరల్డ్ సిరీస్ MVP. అలాంటివాడికి సింకర్ (కిందికి దిగే బంతి) లోపలికి వేస్తే లాగి లెఫ్ట్ ఫీల్డ్‌లో పడేశాడు. మునోజ్ వేసినా కొట్టడన్న గ్యారంటీ ఎక్కడుంది?

మా మేనేజర్ జాన్ ష్నైడర్‌ని చూడండి. 7వ ఇన్నింగ్స్‌కి గాస్‌మన్, 8వ ఇన్నింగ్స్‌కి బాసిట్. ఇద్దరూ స్టార్టర్లే. రేపటి మ్యాచ్ లేనప్పుడు రేపటికి దాచడం అనవసరం అని ఆయనకి తెలుసు. చివర్లో మా క్లోజర్ హాఫ్‌మన్ మ్యాచ్ ముగించాడు.

స్కోర్‌బుక్:

బ్రాంప్టన్ బావ గారూ, అదే హాఫ్‌మన్ కదా నవంబరు 1న వరల్డ్ సిరీస్ 7వ మ్యాచ్‌లో 9వ ఇన్నింగ్స్‌లో డాడ్జర్స్ బ్యాటర్ మిగెల్ రోహాస్‌కి హోమర్ ఇచ్చి స్కోరు సమం చేయించింది? మీ గాయం కెలకాలని కాదు. క్లోజర్‌ని దించితే గెలిచినట్టే అనే వాదనకి ఇంతకన్నా జవాబు ఉండదు.

బ్రాంప్టన్ బావ:

అవును, ఇద్దరిని ఔట్ చేస్తే కప్పు మాది. రోహాస్‌ని ఆ సిరీస్‌లో ఎవరూ లెక్కలోకి కూడా తీసుకోలేదు. ఆ సంగతి ఇప్పుడు వద్దులెండి.

బోథెల్ బుల్లోడు:

స్కోర్‌బుక్ గారూ, క్లోజర్‌ని దించితే గెలుస్తాం అని నేను అనలేదు. బెస్ట్ పిచ్చర్ చేతిలో ఓడిపోతే గుండె రాయి చేసుకుని ఒప్పుకుంటాను అంటున్నాను. రోహాస్ హోమర్ మీద టొరంటోవాళ్లు ఏడ్చారు గానీ, హాఫ్‌మన్‌ని ఎందుకు దించావని ష్నైడర్‌ని నిలదీయడానికి ఏముంది?

పరిస్థితి చూడండి. 2, 3 బేసుల మీద రన్నర్లు, ఒక ఔట్. మొదటి బేస్ ఖాళీ. బజార్డో బలం సింకర్, బంతిని నేల మీద ఆడిస్తాడు. మొదటి బేస్ మీద రన్నర్ ఉంటే అది డబుల్ ప్లేకి (ఒకే బంతికి ఇద్దరు ఔట్) పనికొస్తుంది. బంట్ తర్వాత ఆ అవకాశమే పోయింది. నేల మీద బంతి పడినా పరుగు రావచ్చు, గాల్లోకి లేపినా రావచ్చు. అక్కడ కావలసింది స్ట్రైకవుట్. బావ గారు చెప్పినట్టు స్ట్రైకవుట్ కాని టీమ్ అది. కాబట్టే మామూలు ఆయుధం చాలదు, మునోజ్ స్లైడర్ (పక్కకి జారే బంతి) కావాలి. బంట్ పడిన క్షణానే కావలసిన పిచ్చర్ మారిపోయాడు. విల్సన్ మాత్రం ఏడాదంతా రాసుకున్న ఆర్డరే పట్టుకున్నాడు.

ఎనిమిది ఔట్లు ఎవరు తీస్తారు అన్నారు. మునోజ్ ఈ రెండు తీసేవాడు, మిగతా ఆరింటికి బ్రాష్ ఉన్నాడు, బజార్డో ఉన్నాడు. 8వ ఇన్నింగ్స్ ఖాళీ బేసులతో మొదలవుతుంది. రెండు పరుగుల లీడ్‌తో, ఖాళీ బేసులతో మూడు ఔట్లు తీయడం ఈ క్షణం కన్నా ఎన్నో రెట్లు తేలిక. అయినా చివరి మూడు ఔట్లకి ప్రత్యేకమైన బరువు ఎక్కడి నుంచి వచ్చింది? 1969లో సేవ్ అనేదాన్ని, అంటే లీడ్ కాపాడి మ్యాచ్ ముగించిన పిచ్చర్‌కి ఇచ్చే అంకెని, అధికారిక లెక్కల్లో చేర్చారు. ఆ అంకె చుట్టూ క్లోజర్ ఉద్యోగం పుట్టింది, జీతాలు పుట్టాయి, మేనేజర్ల అలవాట్లు పుట్టాయి.

కూకట్‌పల్లి తమ్ముడి కోసం మన ఉదాహరణ చెప్తాను. 2024 టీ20 ప్రపంచకప్ ఫైనల్. దక్షిణాఫ్రికాకి 30 బంతుల్లో 30 కావాలి, క్లాసెన్ ఉతికేస్తున్నాడు. రోహిత్ ఏం చేశాడు? బుమ్రాని 20వ ఓవర్ కోసం దాచలేదు. 16, 18 ఓవర్లు ఇచ్చేసి కోటా ముగించేశాడు. 19 అర్ష్‌దీప్, 20 హార్దిక్. 7 పరుగులతో గెలిచాం. 20వ ఓవర్ దాకా మ్యాచ్ బతికి ఉండటానికి కారణం బుమ్రాని ముందే వాడటం.

బేస్‌బాల్‌లోనూ ఇదే స్టేడియంలో ఇదే పాఠం ఉంది. 2016 అక్టోబరు 4, రోజర్స్ సెంటర్, ఓరియోల్స్‌తో వైల్డ్ కార్డ్ మ్యాచ్ (ఓడితే ఇంటికే). ఓరియోల్స్ క్లోజర్ జాక్ బ్రిటన్ ఆ ఏడాది 47 సేవ్ అవకాశాల్లో 47 కాపాడాడు. మేనేజర్ బక్ షోవాల్టర్ అతణ్ణి లీడ్ వచ్చాక దించుదామని ఆపాడు. లీడ్ రానే లేదు. 11వ ఇన్నింగ్స్‌లో బ్లూ జేస్ బ్యాటర్ ఎన్‌కార్నాసియోన్ హోమర్ కొట్టాడు, బ్రిటన్ బుల్‌పెన్‌లోనే ఉండిపోయాడు. అదే ఏడాది క్లీవ్‌లాండ్‌ మేనేజర్ ఫ్రాంకోనా తన బెస్ట్ రిలీవర్ (మధ్యలో దిగే పిచ్చర్) ఆండ్రూ మిల్లర్‌ని ఇన్నింగ్స్ నంబరు చూడకుండా అవసరమైనప్పుడల్లా దించాడు. మిల్లర్ లీగ్ ఫైనల్ MVP అయ్యాడు.

నైట్ షిఫ్ట్:

ఇన్ని మాటలెందుకు, విల్సన్‌ని తీసేయాలి. 2022లో అప్పటి మేనేజర్ స్కాట్ సర్వీస్ హ్యూస్టన్‌లో అదే పని చేశాడు, ఇప్పుడు ఈయన. ఈ టీమ్‌కి అక్టోబరులో బుర్ర పనిచేసే మేనేజర్ రాడా?

చివరి వరుస సీటు:

2022 సంగతి వేరు. అప్పుడు 7-5 లీడ్‌లో రిలీవర్ సీవాల్డ్‌ని ఆపేసి, ఎడమచేతి వాటం అని స్టార్టర్ రాబీ రేతో హ్యూస్టన్ బ్యాటర్ యోర్డన్ అల్వారెజ్‌కి వేయించాడు, మూడు పరుగుల హోమర్‌తో మ్యాచ్ పోయింది. అది మరీ ఎక్కువ ఆలోచించి పోగొట్టుకున్నది. ఇది అలవాటుగా వెళ్లి పోగొట్టుకున్నది. రెండూ ఒకటి చేయకు.

విల్సన్‌ని తీసేయడం అన్యాయం. సెప్టెంబరులో హ్యూస్టన్ వెళ్లి మూడుకు మూడు గెలిచి డివిజన్ లాక్కున్నది ఎవరు? 2001లో 116 మ్యాచ్‌లు గెలిచిన టీమ్ తర్వాత మళ్లీ వెస్ట్ డివిజన్ టైటిల్ తెచ్చింది ఈయన కాలంలోనే. కాల్ రాలీ క్యాచర్‌గా ఆడుతూ 60 హోమర్లు కొట్టాడు. తను కూడా ఇదే టీమ్‌కి క్యాచర్‌గా ఆడిన మేనేజర్ పక్కన ఉండటం అతనికి కలిసొచ్చింది అని నేను గట్టిగా నమ్ముతాను.

బోథెల్ బుల్లోడు:

తీసేయమని నేనూ అనను. నాకు బాధ కలిగించేది కూడా అదే. డెట్రాయిట్‌తో ఆ 15 ఇన్నింగ్స్ మ్యాచ్‌లో గిల్బర్ట్‌ని, కస్తీయోని, ఇద్దరు స్టార్టర్లని రిలీఫ్‌కి దించింది ఈ విల్సనే. ఓడితే ఇంటికే అని తెలిసి పుస్తకం పక్కన పెట్టాడు. పది రోజుల తర్వాత అదే పరిస్థితిలో అదే తెగింపు ఎందుకు చూపలేదన్నదే నా ప్రశ్న.

కూకట్‌పల్లి కుర్రాడు:

ఇంకో డౌట్. మొదటి బేస్ ఖాళీ అన్నారు కదా అన్నా. స్ప్రింగర్‌కి కావాలనే వాక్ ఇచ్చి మూడు బేసులూ నింపేస్తే? అప్పుడు బజార్డో సింకర్‌కి డబుల్ ప్లే అవకాశం వస్తుంది కదా?

స్కోర్‌బుక్:

మంచి ప్రశ్న తమ్ముడూ. ఇంతమంది వాదించాం, ఎవరికీ తట్టలేదు. కానీ అలా చేస్తే లీడ్ దాటించే పరుగుని నీ చేత్తో నువ్వే బేస్ మీద పెట్టినట్టు, అది ఇంకా పెద్ద ప్రమాదం: రెండు పరుగుల లీడ్‌కి మూడో రన్నర్‌ని ఉచితంగా ఇస్తున్నావు. పైగా ఇంకొక్క బ్యాటర్ దాటితే వ్లాది. డబుల్ ప్లే పడకపోతే బేసుల నిండా మనుషులతో అతనికి వేయాలి.

బోథెల్ బుల్లోడు:

స్ప్రింగర్ హోమర్‌తో వచ్చినవీ మూడు పరుగులే కదండీ. నేనైతే ముందు మునోజ్ అంటాను. మునోజ్‌ని దించనే దించను అని పట్టుబడితే మాత్రం, బజార్డోతో స్ప్రింగర్‌కి వేయించడం కన్నా తమ్ముడు చెప్పిన వాకే మేలు. అప్పుడు కనీసం సింకర్‌కి ఒక పని ఉండేది.