నాలుగు రోజుల ఫొటో వర్క్‌షాప్: నాలుగు చోట్లు తిప్పాలా, ఒక్క గండికోటలోనే ఉండాలా?

సీమ_షట్టర్

డిసెంబరు ఆఖరులో ఎనిమిది మందితో నాలుగు రోజుల వర్క్‌షాప్ పెట్టాలనుకుంటున్నాను. ల్యాండ్‌స్కేప్, కొంచెం కట్టడాలు. రెండు ప్లాన్లున్నాయి. ఒకటి: హైదరాబాద్‌లో టెంపో ట్రావెలర్ ఎక్కి యాగంటి, బెలుం గుహలు, గండికోట, లేపాక్షి చూసుకుని తిరిగి రావడం. రెండు: నాలుగు రోజులూ పెన్నా లోయ అంచున ఉన్న గండికోటలోనే మకాం. నేర్చుకునేవాళ్లకి ఏది మేలు, నడిపేవాళ్లకి ఏది గిట్టుబాటు? ఇలాంటివి నడిపినవాళ్లు కారణాలతో, లెక్కలతో చెప్పండి.

నీలివెలుగు

ఒక్కచోటే ఉండండి. లెక్క వెలుగు దగ్గర మొదలుపెట్టండి. డిసెంబరు ఆఖరులో గండికోట దగ్గర సూర్యోదయం 6:40 ప్రాంతంలో అవుతుంది. నీలి వెలుగు, అంటే సూర్యుడు రాకముందు ఆకాశం నీలంగా ఉండే వేళ, అంతకు ముందు ఇరవై, ముప్పై నిమిషాలు. ఎనిమిదిన్నరకల్లా లోయ గోడల మీద వెలుగు చప్పబడిపోతుంది. మళ్లీ సాయంత్రం నాలుగు నుంచి ఆరుంబావు దాకా. అంటే రోజుకి చేతికొచ్చే మంచి వెలుగు నాలుగున్నర గంటలు. మీరు అమ్ముతున్నది ఆ నాలుగున్నర గంటలే. నాలుగు చోట్లు తిప్పితే అందులో సగం బండి కిటికీలోంచి చూస్తారు.

రెండోది, అసలుది: మధ్యాహ్నం కూర్చుని ఫొటోలు చూడటం. ఒక్కొక్కరు ఐదు ఫొటోలు పెడతారు, ఒక్కోదానికి మూడు నిమిషాలు. ఎనిమిది మందికి రెండు గంటలు పడుతుంది. మొదటి ఉదయం అందరూ చేసే తప్పులు దాదాపు ఒక్కటే. ఆకాశానికి ఎక్స్‌పోజర్ పెట్టి లోయని నల్లగా ముంచేస్తారు. 16 మి.మీ. వైడ్ లెన్సు తగిలించి ముందు రాయిని వదిలేసి అనంతం మీద ఫోకస్ పెడతారు. ఫుల్ ఫ్రేమ్ మీద 16 మి.మీ., ఎఫ్/11 దగ్గర హైపర్‌ఫోకల్ దూరం (ఫోకస్ అక్కడ పెడితే అనంతం దాకా స్పష్టంగా వచ్చే అతి దగ్గరి దూరం) 80 సెంటీమీటర్ల లోపే. మీటరు, మీటరున్నర దూరంలో ఫోకస్ పెడితే అరమీటరు దగ్గర్నుంచి ఆ ఒడ్డు దాకా స్పష్టంగా వస్తుంది. దీన్ని మధ్యాహ్నం స్క్రీన్ మీద చూపించి, మర్నాడు అదే రాయి దగ్గర నిలబెట్టి మళ్లీ తీయించాలి. ఆ "మళ్లీ" లేకపోతే దాన్ని వర్క్‌షాప్ అనకండి, టూర్ అనండి. టూర్ తప్పేం కాదు, కానీ దానికి టూర్ రేటే తీసుకోవాలి.

టైరుగుర్తు

నీలివెలుగు గారు ఎప్పటిలాగే మధ్యాహ్నం తరగతి దగ్గరే ఆగిపోయారు. దూరాల లెక్క ఎవరూ వేయలేదు, నేను వేస్తాను. హైదరాబాద్ నుంచి యాగంటి సుమారు 290 కి.మీ., అక్కణ్నుంచి బెలుం 45, బెలుం నుంచి గండికోట 60 పైచిలుకు, గండికోట నుంచి లేపాక్షి దాదాపు 200, లేపాక్షి నుంచి హైదరాబాద్ 470. మొత్తం వెయ్యి దాటుతుంది, ఒప్పుకుంటాను. కానీ గండికోటకి వెళ్లి రావడమే 740. తేడా మూడు వందల చిల్లర. అదీ మధ్యాహ్నాలే వెళ్తే పోయే వెలుగు పెద్దగా ఉండదు.

ఇక నేర్చుకోవడం సంగతి. ఒకే లోయ ముందు నాలుగు ఉదయాలు నిలబడ్డ ఎనిమిది మంది ఒకే ఫొటో ఎనిమిదిసార్లు తెచ్చుకుంటారు. మూడో రోజు నుంచి పక్కవాడి ట్రైపాడ్ ఎక్కడుందో చూసి అక్కడే పెట్టుకుంటారు. గుహలో వెలుగే ఉండదు, ఉన్నది రంగురంగుల దీపాలు. యాగంటి పుష్కరిణి దగ్గర నీళ్లలో మెరుపు, కొండ నీడ. లేపాక్షి ముఖమండపంలో కప్పు మీద చిత్రాలు, కింద చీకటి. నాలుగు చోట్ల నాలుగు రకాల చిక్కులు. కొత్తచోట పావుగంటలో వెలుగు ఎటుందో, ఏ లెన్సు తీయాలో తేల్చుకోవడం కూడా నేర్పాల్సిన విద్యే.

మూడోకాలు

టైరుగుర్తు అన్నా, ఆ నాలుగు చిక్కులకీ సరంజామా, అనుమతులు ఎవరు చూస్తారు?

బెలుం: లోపల వేడి, తేమ ఎక్కువ. ఏసీ బండిలోంచి దిగి నేరుగా లోపలికి వెళ్తే లెన్సు మీద ఆవిరి పడుతుంది. తుడిస్తే మళ్లీ పడుతుంది, ఎందుకంటే గాజు ఇంకా చల్లగానే ఉంటుంది. దిగడానికి అరగంట ముందు బండిలో ఏసీ ఆపించాలి. లేదా కెమెరాలు జిప్పు వేసిన సంచిలోనే ఉంచి, గుహ నోటి దగ్గర ఇరవై, ముప్పై నిమిషాలు కాచుకోవాలి. ఆవిరి పడిందని లెన్సు విప్పొద్దు, సెన్సర్ మీదా పడుతుంది. అక్కడ ఆటో వైట్ బ్యాలెన్స్ (దీపాల రంగుని బట్టి కెమెరా తనే రంగులు సరిచేసుకోవడం) ఒక్కో ఫ్రేమ్‌కి ఒక్కోలా వస్తుంది. రా ఫైల్ (సెన్సర్ ఇచ్చింది ఇచ్చినట్టు దాచే ఫైల్) తీసి, వైట్ బ్యాలెన్స్ ఏదో ఒక అంకె దగ్గర కట్టేయాలి. గుహ మూడు కిలోమీటర్లకి పైగా ఉన్నా జనాన్ని వెళ్లనిచ్చేది ఒకటిన్నర కి.మీ. దాకా. ఇరుకు దారుల్లో ట్రైపాడ్ వేస్తే వెనకవాళ్లు ఆగిపోతారు.

లేపాక్షి: పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. చేతిలో కెమెరాకి ఇబ్బంది లేదు, ట్రైపాడ్ వేయాలంటే ముందుగా రాతపూర్వక అనుమతి కావాలి. గేటు దగ్గర బతిమాలితే పని జరగదు. గండికోట కోటలో మసీదు, మాధవరాయ గుడి దగ్గరా అదే పద్ధతి. ఒక్కచోటే ఉంటే ఆ దరఖాస్తు పని అక్కడితో తీరుతుంది.

టైరుగుర్తు

లేపాక్షి కప్పుకి ట్రైపాడ్ ఎందుకు? మడిచిన తువ్వాలు నేల మీద పరిచి కెమెరాని వెల్లకిలా పడుకోబెట్టండి, లెన్సు పైకి చూస్తుంది. 24 మి.మీ., ఎఫ్/5.6, ఐఎస్‌ఓ 200, పది సెకన్ల టైమర్ నొక్కి పక్కకి తప్పుకోండి. షట్టర్ ఒక సెకను పట్టినా కదలదు. ఫ్లాష్ మాత్రం వద్దు. రంగులకి చేటు, పైగా కప్పు మధ్యలో తెల్లమచ్చ పడుతుంది. ఇది నేర్పడానికి పది నిమిషాలు చాలు, గండికోటలో నెలరోజులున్నా రాదు.

పెన్నాగట్టు

మాది గండికోట దగ్గర జమ్మలమడుగు పక్కనే. మీ ఇద్దరూ డ్రైవర్ని మర్చిపోయారు.

సూర్యోదయం షూట్ అంటే డ్రైవర్ నాలుగున్నరకి లేవాలి. సాయంత్రం షూట్ అయి రూముకి చేరేసరికి ఏడు. మధ్యాహ్నం నాలుగు గంటలు పడుకోనిస్తే పర్లేదు. టైరుగుర్తు అన్న ప్లాన్‌లో ఆ మధ్యాహ్నమే 200 కి.మీ. తోలాలి. డ్రైవర్ పని రోజుకి ఎనిమిది గంటలని చట్టం చెప్తుంది. మీ ప్లాన్‌లో అది పద్నాలుగు అవుతోంది. అన్నం తిన్నాక రెండింటికి, ఏసీ చల్లదనంలో, వెనక అందరూ నిద్రపోతుంటే ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు. చోట్లు తిప్పాలంటే రెండో డ్రైవర్ని పెట్టుకోండి, లేదంటే బండి కదిలే రోజున ఉదయం షూట్ వదిలేయండి. డ్రైవర్‌కి బేటా (రోజు భత్యం)తో పాటు పడుకోడానికి మంచం కూడా మీ లెక్కలో ఉండాలి. బండి సీట్లో పడుకున్న మనిషికి మర్నాడు స్టీరింగ్ ఇవ్వొద్దు.

లోయ అంచు సంగతి: చాలాచోట్ల రెయిలింగ్ ఉండదు. చీకట్లో వెళ్తారు కాబట్టి ప్రతి ఒక్కరికీ తలకి కట్టుకునే లైటు కావాలి. సాయంత్రం వెలుగులోనే తీసుకెళ్లి ఎవరు ఎక్కడ నిలబడాలో చూపించి, మర్నాడు అక్కడికే పంపండి. వైడ్ లెన్సుతో వ్యూఫైండర్‌లో చూస్తే అంచు ఇంకా దూరంగా ఉన్నట్టు కనబడుతుంది, ఒక్కో అడుగూ ముందుకి జరుగుతారు. ట్రైపాడ్ అంచుకి రెండు మీటర్లు ఇవతలే. లెన్సు మార్చేటప్పుడు వెనక్కి వచ్చి మార్చాలి. గాలి గట్టిగా ఉంటే మధ్య రాడ్ దించేయండి, కెమెరా బెల్టు తీసేయండి. బరువుకని వేలాడదీసే సంచి నేలకి ఆని ఉండాలి, ఊగితే ఉన్న కదలిక ఇంకా పెరుగుతుంది. ఎనిమిది మందికి ఒక్కరు చాలరు, ఇంకొక మనిషి కావాలి. ఆ మనిషి ఫొటోలు తీయకూడదు.

లోయలో నీళ్లు ఎంతుంటాయన్నది పైన గండికోట డ్యామ్ నుంచి వదిలినదాన్ని బట్టి, దిగువన మైలవరం జలాశయంలో ఉన్నదాన్ని బట్టి మారుతుంది. ప్రకటనలో నీలం నీళ్ల ఫొటో వేసే ముందు ఆ వారం ఎలా ఉందో కనుక్కోండి.

లెక్కలమాస్టారు

డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు. టెంపో ట్రావెలర్ బయటూళ్లకి మాట్లాడితే రోజుకి కనీసం 250 లేదా 300 కి.మీ. లెక్కన బిల్లు వేస్తారు. బండి కదిలినా కదలకపోయినా అంతే. నాలుగు రోజులకి 300 చొప్పున 1200 అవుతుంది. టైరుగుర్తు గారి సర్క్యూట్ 1065, అదీ ఆ 1200లోనే పడుతుంది. అంటే హైదరాబాద్ నుంచి బండి కట్టుకుని గండికోటలో కూర్చుంటే, తిరగని దూరానికి కూడా డబ్బు కడుతున్నారు.

ఒక్కచోటే ఉండేవాళ్లు బండిని హైదరాబాద్ నుంచి కట్టుకోకూడదు. గుంతకల్లు–రేణిగుంట లైనులో ముద్దనూరు, యర్రగుంట్ల స్టేషన్లున్నాయి. నేర్చుకునేవాళ్లని రైల్లో అక్కడికి రమ్మని, జమ్మలమడుగులో లోకల్ బండి మాట్లాడుకోండి. దాంతో టైరుగుర్తు గారి "740 ఎలాగూ ఉంది" అన్న వాదన కూడా పోతుంది. ఆ 740 రైలు బెర్తు మీద నిద్రలో గడుస్తుంది.

పన్నెండు సీట్ల బండిలో పది మందే పడతారని గుర్తుంచుకోండి. వెనక సీట్లు బ్యాగులకి, ట్రైపాడ్లకి. ఇంకోటి: రూము, భోజనం, బండి అన్నీ కలిపి ఒకే మొత్తంగా వసూలు చేస్తే, హోటల్‌కి ఇచ్చేసిన డబ్బు కూడా మీ టర్నోవర్‌లోకే వస్తుంది. సేవలకి జీఎస్టీ రిజిస్ట్రేషన్ పరిమితి ఏడాదికి 20 లక్షలు. ఏడాదికి ఏడెనిమిది వర్క్‌షాపులు చేసేవాళ్లు తెలీకుండానే దాటేస్తారు. రూము డబ్బు నేరుగా హోటల్‌కే కట్టించండి, మీరు నేర్పినందుకు ఫీజు మాత్రం తీసుకోండి. కోట దగ్గర హరిత హోటల్ ఉంది గానీ గదులు తక్కువ. గదులు ఖాయం చేసుకోకుండా పోస్టర్ వేయొద్దు.

రా_ఫైల్

ఒక్క విషయం కలుపుతాను. 24 మెగాపిక్సెల్ కెమెరాలో రా ఫైల్ 25–30 ఎంబీ. మనిషికి రోజుకి 500 ఫ్రేములు అనుకుంటే 15 జీబీ, ఎనిమిది మందికి 120 జీబీ, నాలుగు రోజులకి 500 జీబీ దగ్గరికి. 45 మెగాపిక్సెల్ వాళ్లుంటే రెట్టింపు. ఒక టీబీ ఎస్‌ఎస్‌డీలు రెండు తీసుకెళ్లి, ఒకటి మీ సంచిలో, ఒకటి సహాయకుడి సంచిలో పెట్టండి. ఇంటికి చేరేదాకా ఎవరినీ కార్డు ఫార్మాట్ చేయనివ్వొద్దు. మామూలు కార్డు రీడర్‌తో 120 జీబీ దించడానికి అరగంట నుంచి ముప్పావు గంట పడుతుంది. తిరిగే వర్క్‌షాప్‌లో ఈ పని ఎప్పుడూ కదిలే బండిలో, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని చేస్తారు. గతుకుకి కేబుల్ ఊడితే ఫోల్డర్ సగంలో ఆగుతుంది, అది ఆగిందని రాత్రి దాకా తెలీదు. కాపీ అయ్యాక ఫైళ్ల సంఖ్య, మొత్తం సైజు రెండూ సరిచూడాలి.

గదికి రెండే ప్లగ్ పాయింట్లుంటాయి, ఆరు సాకెట్ల ఎక్స్‌టెన్షన్ బోర్డు మర్చిపోవద్దు. విమానంలో వచ్చేవాళ్లకి చెప్పండి, విడి బ్యాటరీలు చేతి సంచిలోనే ఉండాలి.

మూడోకాలు

అసలు ప్రశ్నకి సంబంధం లేదు గానీ, డిసెంబరు వర్క్‌షాప్ పోస్టర్‌లో పాలపుంత ఫొటో వేసేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. ఆ నెలలో పాలపుంత మధ్యభాగం సూర్యుడి వైపు ఉంటుంది, రాత్రి కనబడదు. అది కావాలంటే ఫిబ్రవరి ఆఖరు నుంచి, అమావాస్య దగ్గర, తెల్లవారుజామున చూడాలి. డిసెంబరులో ఓరియన్ నక్షత్రమండలం ఉంటుంది, అదే చెప్పి పిలవండి.

సీమ_షట్టర్

అందరికీ థాంక్స్. లెక్కలమాస్టారు గారి రైలు లెక్క నచ్చింది. ఇలా చేస్తే? మూడు రాత్రులూ గండికోటలోనే మకాం. మూడో రోజు పది గంటలకి బయల్దేరి బెలుం వెళ్లి, మూడున్నరకల్లా వెనక్కి. చెడ్డ వెలుగు ఉన్న వేళే రోడ్డు మీద ఉంటాం. ఆ రోజు ఫొటోల చర్చ రాత్రి ఏడు నుంచి తొమ్మిది.

టైరుగుర్తు

పర్వాలేదు. లేపాక్షి, యాగంటి కలిపి ఇంకో వర్క్‌షాప్ పెట్టుకోండి, గండికోట లేకుండా. యాగంటికి మాత్రం ఒక మాట: పుష్కరిణిలో స్నానాలు చేసేవాళ్ల వైపు కెమెరా తిప్పొద్దని బండి దిగకముందే చెప్పాలి. దిగాక చెప్తే అప్పటికే ఒకరు తీసేసి ఉంటారు.

నీలివెలుగు

రాత్రి ఏడింటికి చర్చ జరగదు. నాలుగుముప్పావుకి లేచిన మనుషులు, గుహలో చెమటోడ్చి, సాయంత్రం షూట్ చేసి వచ్చాక స్క్రీన్ ముందు కూర్చుంటే రెండో మనిషి ఫొటోలకే కళ్లు మూతలు పడతాయి. బెలుం పెట్టాలంటే ఆఖరి రోజు పెట్టండి. ఉదయం షూట్, పదకొండు దాకా చివరి చర్చ, గది ఖాళీ చేసి బెలుం, అక్కణ్నుంచి సాయంత్రం తాడిపత్రి స్టేషన్‌లో దింపేయండి. తాడిపత్రి కూడా అదే లైను.

పెన్నాగట్టు

అలా అయితే లోకల్ బండి ఆయనకి ముందే చెప్పండి, తాడిపత్రి నుంచి ఖాళీగా తిరిగొచ్చే దూరం కూడా లెక్క కట్టుకుంటాడు. బెలుం టికెట్ కౌంటర్ ఐదింటికల్లా మూసేస్తారు. రెండున్నరకి లోపల ఉంటేనే తీరిగ్గా తీయగలరు.