గోలక్‌నాథ్ లేకుండా కేశవానంద ఉండేదా? కోకా సుబ్బారావు గారి వాటా ఎంత?

గోదారోడు

రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు కూడా చెడగొట్టకూడదన్న 1973 నాటి కేశవానంద భారతి తీర్పు మీద ఎవరు రాసినా లాయరు పాల్కీవాలా వాదన, జస్టిస్ ఖన్నా తీర్పు, అంతే. దానికి ఆరేళ్ల ముందు, 1967 ఫిబ్రవరి 27న, ప్రాథమిక హక్కుల జోలికి పార్లమెంటు రావడానికి వీల్లేదని 6-5తో తేల్చిన గోలక్‌నాథ్ తీర్పును ఎవరూ తలవరు. దాన్ని రాసింది మన రాజమండ్రి ఆయన, అప్పటి ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు. 1951లో శంకరీ ప్రసాద్ కేసులోనూ, 1964లో సజ్జన్ సింగ్ కేసులోనూ ఇదే కోర్టు పార్లమెంటు ఏ సవరణ చేసినా తల ఊపింది. మొదటిసారి కాదన్నది ఈయనే. సుప్రీంకోర్టు చరిత్రలో అసలు మలుపు 1967 అంటాను. కాదనేవాళ్లు చెప్పండి.

కోర్టుపక్షి

కాదంటాను. గోలక్‌నాథ్‌ని కొట్టేసిందే కేశవానంద కదండీ! 13 మంది జడ్జీలు 68 రోజులు వాదనలు విని, 1973 ఏప్రిల్ 24న 7-6తో చెప్పిందేమిటి? ప్రాథమిక హక్కులనైనా సవరించుకోండి, రాజ్యాంగ మౌలిక స్వరూపం మాత్రం చెడగొట్టకండి అని. అంటే సుబ్బారావు గారు గీసిన గీతను చెరిపి ఇంకోచోట గీశారు. ఆ 'మౌలిక' అనే ఆలోచన విత్తనం కూడా ఆయనది కాదు, సజ్జన్ సింగ్ కేసులో జస్టిస్ ముధోల్కర్ వేసినది. తెలుగువాడి వాటానే కావాలంటే, ఆ ఏడుగురిలో హైదరాబాద్ నుంచి వెళ్లిన జస్టిస్ పి. జగన్మోహన్ రెడ్డి ఉన్నారు. ఆయన్ని తలచుకోండి.

ఇంకో సంగతి. ఈ తీర్పు ఇకముందు చేసే సవరణలకే వర్తిస్తుందని, పాతవి చెల్లుతాయని సుబ్బారావు గారే రాశారు. దాంతో కేసు వేసిన గోలక్‌నాథ్ కుటుంబానికి భూమి దక్కలేదు. గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడని సామెత ఊరికే పుట్టిందా?

అరకు రోడ్డు

భూమి అంటే గుర్తొచ్చింది. ఆ గోలక్‌నాథ్‌లు ఎవరు? జలంధర్ దగ్గర వందల ఎకరాలున్న అన్నదమ్ములు. మనిషికి 30 ఎకరాలు ఉంచుకోండి, మిగతాది వదలండి అంటే కోర్టుకెక్కారు. కేశవానంద? మఠాధిపతి, అదీ కేరళ భూసంస్కరణల మీదే. మీ మైలురాళ్లన్నీ భూమి ఉన్నవాళ్లు పాతినవే.

నన్నడిగితే మైలురాయి 1997 జులై 11, సమతా అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసు. అనంతగిరి మండలంలో, బొర్రా గుహల దగ్గర గనుల లీజులు కంపెనీలకు ఇచ్చారు. ఏజెన్సీలో గిరిజనేతరులకు భూమి ఇవ్వకూడదని 1/70 చట్టం ఉంది కదా అంటే, అది మనుషులకే గానీ ప్రభుత్వానికి వర్తించదని సర్కారు వాదన. ప్రభుత్వం కూడా ఆ చట్టం కింద 'వ్యక్తే', తన భూమినైనా ప్రైవేటు కంపెనీకి లీజుకివ్వడానికి వీల్లేదని 2-1తో తేల్చారు. మెజారిటీ తీర్పు రాసిన జస్టిస్ కె. రామస్వామి మన హైకోర్టు నుంచి వెళ్లినవారే. కానీ ఆయన పేరు క్విజ్ పోటీల్లో కూడా రాదు.

గోదారోడు

అరకు అన్నా, సమతాని ఎవరు కాదన్నారు? అది ఏజెన్సీ వరకు. నేనంటున్నది కోర్టు మొత్తం దారి మారడం గురించి.

చిల్లరమాట

దారి మారింది తీర్పు కాదు, సుబ్బారావు గారే. ఫిబ్రవరి చివర్లో తీర్పు, ఏప్రిల్ 11న రాజీనామా, ప్రతిపక్షాల తరఫున రాష్ట్రపతి పోటీ. జాకీర్ హుస్సేన్ చేతిలో ఓటమి. తీర్పు ఎంత గొప్పదైనా, ఇచ్చినాయన రెండు నెలలు తిరక్కుండా ఎన్నికల బరిలో దిగితే జనం ఏమనుకోవాలి? ఇప్పుడు రిటైరైన జడ్జీలకు పదవులిస్తే మనమే గోల పెడుతున్నాం.

దుబాయ్ డ్యూటీ

రాజీనామాకు ముందు రోజు ఆయన ఇచ్చిన తీర్పు ఒకటుంది, ఎవరూ చెప్పలేదు. 1967 ఏప్రిల్ 10, సత్వంత్ సింగ్ సాహ్నీ కేసు. అప్పటిదాకా పాస్‌పోర్టు ఇవ్వడమా మానడమా అన్నది సర్కారు దయ. చట్టమే లేదు. విదేశం వెళ్లడం వ్యక్తి స్వేచ్ఛలో భాగమని, చట్టం లేకుండా ఆపకూడదని 3-2తో చెప్పారు. ఆ ఏడాదే పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. గల్ఫ్‌లో ఉన్న మా బోటివాళ్లకు గోలక్‌నాథ్ కన్నా ఇదే దగ్గర.

కోర్టుపక్షి

దుబాయ్ గారూ, సరైన తీగ లాగారు. సుబ్బారావు గారి గొప్పతనం నేనూ ఒప్పుకుంటాను, కానీ గోలక్‌నాథ్‌లో కాదు, ఖడక్ సింగ్‌లో. 1962 డిసెంబరు, ఆరుగురి ధర్మాసనం. ఉత్తరప్రదేశ్‌లో దోపిడీ కేసులో సాక్ష్యం లేక వదిలేసిన మనిషి మీద పోలీసులు నిఘా పెట్టడానికి హిస్టరీ షీటు తెరిచారు. అర్ధరాత్రి కానిస్టేబుళ్లు వచ్చి తలుపు బాదడం, కేకలేసి నిద్ర లేపడం, ఊరు దాటితే చౌకీదారుకు చెప్పి వెళ్లమనడం. రాత్రిపూట ఇంట్లోకి రావడం ఒక్కటీ తప్పని మెజారిటీ కొట్టేసింది. గోప్యత హక్కు మన రాజ్యాంగంలో లేదు కాబట్టి మిగతా నిఘా అంతా సబబేనంది. సుబ్బారావు గారు, జస్టిస్ షా ఒప్పుకోలేదు. వెంట నీడలా పోలీసు ఉంటే మనిషి రోడ్డు మీద తిరుగుతున్నా స్వేచ్ఛగా ఉన్నట్టు కాదని, ఆ నిఘా నిబంధన మొత్తం చెల్లదని విడిగా రాశారు.

55 ఏళ్ల తర్వాత, 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది ఏకగ్రీవంగా గోప్యత హక్కును ఒప్పుకున్నప్పుడు నిలబడింది ఆ ఇద్దరి మాటే. ఆ తొమ్మిది మందిలో మన కృష్ణా జిల్లా చలమేశ్వర్ గారూ ఉన్నారు. ఎమర్జెన్సీలో అక్రమ నిర్బంధాన్ని ప్రశ్నించే హక్కే లేదన్న 1976 నాటి జబల్‌పూర్ తీర్పునూ అందులోనే పాతిపెట్టారు. మౌలిక స్వరూపం అని అంత ఘనంగా చెప్పిన కోర్టు, మూడేళ్లకే జైల్లో ఉన్నవాడికి తలుపు మూసింది చూడండి. అప్పుడూ ఒంటరిగా అసమ్మతి రాసింది ఖన్నా గారే, దాంతో ఆయనకు ప్రధాన న్యాయమూర్తి పదవి పోయింది. మీరు మెజారిటీ తీర్పుల్లో మలుపులు వెతుకుతున్నారు.

గోదారోడు

ఖడక్ సింగ్ కూడా మా ఖాతాలోనే వేసుకుంటాను, సంతోషం. కానీ 1967ని వదలను. కేశవానందలో 13 మంది ఎందుకు కూర్చోవాల్సి వచ్చింది? గోలక్‌నాథ్‌ని 11 మంది విన్నారు కాబట్టి, దాన్ని తిరగదోడాలంటే అంతకన్నా పెద్ద బెంచి కావాలి. ఇందిరమ్మ 1971లో 24వ సవరణ ఎందుకు తెచ్చింది? గోలక్‌నాథ్‌ని దాటడానికి. ఆ అడ్డు లేకపోతే సవరణ లేదు, సవరణ లేకపోతే పాల్కీవాలా ఎవరి మీద వాదించేవాడు?

అరకు రోడ్డు

వాదించడానికి ఎవరో ఒక భూస్వామి దొరికేవాడులే తమ్ముడూ. సమతా మీద ఒక్కరూ మాట్లాడలేదు, రేపు దానికి వేరే టాపిక్ తెరుస్తాను.