మందు మానినవారితో సాక్ష్యం ఎప్పుడు చెప్పించాలి?

బాపట్ల_విశ్వాసి:
ప్రైజ్ ది లార్డ్. సంఘంలో ఒక తమ్ముడు మందు మాని మూడు వారాలైంది. పెద్దలు ఉపవాస కూటానికి రమ్మంటున్నారు, వచ్చే ఆదివారం సాక్ష్యం కూడా చెప్పమంటున్నారు. "ఏ ముఖం పెట్టుకుని నిలబడను?" అంటున్నాడతను. సలహా చెప్పండి.

వార్డు_సిస్టర్:
ముందు ఉపవాసం సంగతి. రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే 6-24 గంటల్లో వణుకు, చెమటలు మొదలవుతాయి. ఫిట్స్ ఎక్కువగా 48 గంటల్లోపే. లేనివి కనబడటం, పలవరించడం రెండు నుంచి నాలుగు రోజుల మధ్య. దయ్యమనుకుని గదిలో పెట్టి ప్రార్థన చేస్తూ కూర్చుంటే ప్రాణం పోవచ్చు. ఆసుపత్రిలో గ్లూకోజ్ కంటే ముందు థయామిన్ (బి1) ఇంజెక్షన్ ఇస్తారు, లేకపోతే మెదడు దెబ్బతినే ప్రమాదం. మీ తమ్ముడికి ఆ గండం గడిచింది. అయినా ఖాళీ కడుపు మందునే గుర్తుచేస్తుంది, ఉపవాసం ఇప్పుడొద్దు. డైసల్ఫిరామ్ మాత్ర (దాని మీద మందు తాగితే ఒంటికి పడదు) వాడుతుంటే ప్రభువు బల్లలో, అంటే రొట్టె-ద్రాక్షరసం సంస్కారంలో, వైన్ తీసుకోకూడదు, మాత్ర ఆపాక కూడా 14 రోజుల వరకు. పులియని ద్రాక్షరసం విడిగా పెట్టండి.

లూకా_15:
సాక్ష్యం మరీ తొందర. మైకులో "విడుదల పొందాను" అన్నవాడు మళ్ళీ తాగితే ఎవరికీ చెప్పుకోలేడు. దాచడానికి ఇంకాస్త తాగుతాడు. లూకా 15లో తప్పిపోయిన కుమారుడి మాటలు చూడండి: 19వ వచనంలో "కూలివారిలో ఒకనిగా పెట్టుకో" అని కూడా అనుకుని వస్తాడు, 21లో ఆ ముక్క నోటికి రాకముందే తండ్రి వస్త్రం, ఉంగరం, చెప్పులు తెప్పిస్తాడు. మన సంఘాలు ఆ కూలివాడి మాటనే చెప్పిస్తుంటాయి.

నాలుగో_మెట్టు:
తాగుడు మానాలనుకునేవాళ్ళు ఒకరికొకరు తోడుండే ఆల్కహాలిక్స్ అనానిమస్ 1935లో మొదలైంది. వాళ్ళ మెట్లలో నాలుగోది రాతపని, తన తప్పుల్ని తానే రాసుకోవడం. ఎలా రాస్తారన్నదే ముఖ్యం. "నేను దొంగని" అని కాదు, "పండక్కి ముందు ఆవిడ గాజులు తాకట్టు పెట్టాను, విడిపించలేదు" అని. మొదటిది చదివితే మనిషి కుంగిపోతాడు. రెండోదానికి చేయాల్సిన పని ఉంది, గాజులు విడిపించడం. ఐదో మెట్టులో అది దేవుని ముందు, ఇంకొక మనిషి ముందు చదవాలి. యాకోబు 5:16 కూడా అదే చెప్తుంది. వినేవాళ్ళు భార్య కాకూడదు, ప్రసంగంలో ఉదాహరణగా వాడేసే పాస్టర్ గారు అసలు కాకూడదు.

బాపట్ల_విశ్వాసి:
అక్కడ "నేను తాగుబోతుని" అని పరిచయం చేసుకోవాలట కదా? క్రీస్తులో ఉన్నవాడు నూతన సృష్టి అన్న వాక్యానికి ఎదురు కాదా?

లూకా_15:
ఆ ఇబ్బంది చాలామందికి ఉంది. 1991లో కాలిఫోర్నియాలో మొదలైన సెలబ్రేట్ రికవరీ అనే క్రైస్తవ కూటాల్లో "యేసును నమ్మిన నేను తాగుడుతో పోరాడుతున్నాను" అన్నట్టు చెప్తారు. నాకైతే ఇదే నచ్చింది.

నాలుగో_మెట్టు:
ఏది అన్నా పర్లేదు, అబద్ధం కాకపోతే చాలు. పెద్దలకు "ఏడాది ఆగండి" అని చెప్పండి. ఈలోగా ఆదివారాలు కుర్చీలు వేసే పని ఇవ్వండి. కానుకల లెక్క మాత్రం అప్పుడే అప్పగించకండి, చేతిలో నోట్లుంటే కాళ్ళు షాపు వైపే పోతాయి.